సొంత మెయిల్ సర్వరా, క్లౌడా? మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, 42 మెయిల్ బాక్సులు, పాత ఎక్స్‌ఛేంజ్ 2016

గుజ్జు_గుమాస్తా | 2025 నవంబర్ 17, ఉదయం 10.40

అందరికీ నమస్కారం. చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. పేరుకు డిస్పాచ్ గుమాస్తాని. కంప్యూటర్ అన్న మాట ఎక్కడ వినబడినా నన్నే పిలుస్తారు కాబట్టి ఐటీ డిపార్ట్‌మెంట్ కూడా నేనే.

మాకు 2017 నుంచి సొంత మెయిల్ సర్వర్ ఉంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ సాఫ్ట్‌వేర్, ఎక్స్‌ఛేంజ్ 2016. అప్పట్లో ఉన్న ఇంజినీరు పెట్టించి, ఏడాదిన్నరకు బెంగళూరు వెళ్లిపోయాడు. మొత్తం 42 మెయిల్ బాక్సులు. రోజూ నిజంగా వాడేవి పదహారో పదిహేడో. మిగతావి వేబ్రిడ్జి, గేటు, ల్యాబ్, స్టోర్స్ లాంటివి. వాటికి రోజుకు రెండు మెయిళ్లు వస్తే గొప్ప.

సర్వర్ ఉన్న గదిలోనే 3.1 కిలోల గుజ్జు డబ్బాల శాంపిళ్లు కూడా పేర్చి ఉంటాయి. గదికి ఏసీ ఉన్నది సర్వర్ కోసమా, శాంపిళ్ల కోసమా అని ఎవరినడిగినా చెప్పలేరు.

ఇప్పుడు రెండు సమస్యలు. ఒకటి, అక్టోబర్ 14తో ఈ వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ సపోర్టు అయిపోయింది. రెండు, పోయిన సీజన్ నుంచి మేం పంపే మెయిళ్లు బయటి వాళ్ల స్పామ్‌లో పడుతున్నాయి. జూన్‌లో, తోతాపురి లారీలు గేటు దాకా నిలబడి ఉన్న రోజుల్లో, గల్ఫ్ బయ్యర్‌కు పంపిన షిప్పింగ్ డాక్యుమెంట్లు రెండు రోజులు స్పామ్‌లోనే పడి ఉన్నాయి. ఆయన ఫోన్ చేసి తిట్టాకే మాకు తెలిసింది.

కొత్త సర్వర్ కొనాలా, క్లౌడ్‌కు పోవాలా అని అడిగితే మా ఓనరు గారు అన్నది ఇది: "మన ఉత్తరాలు తీసుకపోయి పరాయోళ్ల ఇంట్లో ఎందుకు పెట్టాల?" ఆయనకు ఏం చెప్పాలో తోచలేదు. జనవరి లోపల తేల్చుకోవాలి. ఆ తర్వాత సీజన్ పనులు మొదలైతే నాకు నిద్రపోవడానికే టైముండదు.

---

పుత్తూరు_పింగ్ | 10.52

ఇందులో ఆలోచించేదేముంది అన్నా? ఈ కాలంలో కూడా ఎవరన్నా సొంత మెయిల్ సర్వర్ పెడతారా? గూగుల్ తీసుకో, హాయిగా నిద్రపో.

---

రేణిగుంట_రౌటర్ | 11.30

తమ్ముడు పుత్తూరు, పెళ్లికొడుకును చూడకుండానే ముహూర్తం పెట్టేస్తున్నావు. ముందు గుమాస్తా గారు ఈ నాలుగింటికి జవాబు చెప్పాలి.

స్టాటిక్ ఐపీ, అంటే మారని ఇంటర్నెట్ అడ్రసు, ఉందా? దానికి పీటీఆర్ రికార్డు ఎవరి పేరు మీద ఉంది? బ్యాకప్ ఎక్కడికి పోతోంది, దాంట్లోంచి ఆఖరుసారి ఒక మెయిల్ బాక్సును వెనక్కి తెచ్చి చూసింది ఎప్పుడు? మీ డొమైన్ (మెయిల్ అడ్రసులో @ తర్వాత వచ్చే పేరు) లాగిన్ ఎవరి చేతిలో ఉంది?

సపోర్టు అయిపోవడం అంటే సర్వర్ ఆగిపోవడం కాదు. అది రేపూ నడుస్తుంది, ఎల్లుండీ నడుస్తుంది. కొత్తగా చిల్లు బయటపడితే అతుకు వేసేవాడు ఉండడు, అంతే. 2021 మార్చి గుర్తుంది కదా? మార్చి 2న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఛేంజ్‌కు అర్జెంటు ప్యాచ్‌లు వదిలింది. అప్పటికే కొందరు ఆ చిల్లులోంచి దూరి ఉన్నారు. ప్యాచ్ వచ్చాక మిగతా వాళ్లు కూడా ఎగబడ్డారు. ఆ నెలలో నేను ముగ్గురి సర్వర్లు తుడిచి మళ్లీ పెట్టాను. ముగ్గురూ చెప్పింది ఒకటే: "మాది చిన్న కంపెనీ సార్, మా దాంట్లోకి ఎవరొస్తారు?" వచ్చేది మనిషైతే కదా పెద్దా చిన్నా చూడటానికి. తనంతట తాను తిరిగే స్క్రిప్టుకు ఏ తలుపైనా ఒకటే.

---

అలిపిరి_అడ్మిన్ | మధ్యాహ్నం 1.15

ఇంకో పక్క కూడా వినండి. తిరుపతిలో ఒక ఆసుపత్రికి సొంత మెయిల్ నేనే నడుపుతున్నాను. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రాములు, లినక్స్ మీద. 350 మెయిల్ బాక్సులు, పదకొండేళ్లుగా.

క్లౌడ్‌లో తలకు నెలకు 150 రూపాయలే అనుకున్నా మాకు నెలకు 52,500. ఏడాదికి 6,30,000. ఏటా కడుతూనే ఉండాలి, ఉద్యోగులు పెరిగితే అదీ పెరుగుతుంది. నా సర్వర్‌లో ఇంకో వంద మందిని చేరిస్తే ఒక డిస్క్ ఎక్కువవుతుంది, అంతే. ఇంటర్నెట్ పోయినా వార్డు నుంచి ల్యాబ్‌కు మెయిల్ పోతుంది. స్కాన్ ఫైళ్లు 60 ఎంబీ ఉన్నా లోపల్లోపల పంపుకుంటాం. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే డ్రైవ్ లింకే కదా.

ఇంకొకటి. మీ ఓనరు గారి మాటను అంత తేలిగ్గా కొట్టేయకండి. ఈ జులైలోనే నయారా ఎనర్జీ కథ పేపర్లలో చదివే ఉంటారు. యూరప్ వాళ్లు ఆంక్షలు పెట్టారని మైక్రోసాఫ్ట్ మన దేశంలో ఉన్న ఆ రిఫైనరీ కంపెనీకి మెయిల్, టీమ్స్ ఆపేసింది. వాళ్లు ఢిల్లీ హైకోర్టుకు పోయాక మళ్లీ ఇచ్చారు. డబ్బు కట్టిన సర్వీసే, మధ్యలో ఆగిపోయింది. మీ గుజ్జు మీద ఎవరూ ఆంక్షలు పెట్టరనుకోండి. కానీ స్విచ్ ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న వెర్రి ప్రశ్నేమీ కాదు.

---

పుత్తూరు_పింగ్ | 1.22

సార్, మీ దగ్గర సర్వర్‌ను చూసుకునే వాళ్లు ఎంతమంది?

---

అలిపిరి_అడ్మిన్ | 1.40

నేను, ఇంకో అబ్బాయి. ఇద్దరం. ఇద్దరం ఒకేసారి ఊరెళ్లకూడదని రూలు. మొన్న ఆ అబ్బాయి పెళ్లికి నేను భోజనాల దాకా ఉండి వచ్చేశాను.

---

గుజ్జు_గుమాస్తా | సాయంత్రం 6.05

రౌటర్ అన్నా, మీ ప్రశ్నలకు జవాబులు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెప్తున్నా.

స్టాటిక్ ఐపీ ఉంది. పీటీఆర్ అంటే ఏమిటో ఈరోజే తెలిసింది. ఎన్ఎస్‌లుకప్ అనే కమాండు కొట్టి చూస్తే మా కంపెనీ పేరు బదులు బ్రాడ్‌బ్యాండ్ వాళ్ల పేరు, దాని ముందు మా ఐపీ అంకెలూ వచ్చాయి.

బ్యాకప్: సర్వర్ వెనక ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ వేలాడుతూ ఉంటుంది. దాని లైటు ఎర్రగా వెలుగుతుంటే పనిచేస్తోందనుకున్నాం ఇన్నాళ్లూ. ఈరోజు ఊడదీసి నా ల్యాప్‌టాప్‌కు తగిలించి చూశాను. ఆఖరు ఫైల్ 2023 ఆగస్టుది. డిస్క్ నిండిపోయి అప్పటి నుంచి ఏమీ రాయడం లేదు.

వెనక్కి తెచ్చి చూడటమా? ఎప్పుడూ లేదు.

డొమైన్ లాగిన్ అకౌంట్స్ వాళ్ల దగ్గర ఉంటుందన్నారు. రేపు కనుక్కుంటా.

---

రేణిగుంట_రౌటర్ | రాత్రి 9.10

సిగ్గెందుకు, నేను చూసిన పది ఆఫీసుల్లో ఎనిమిదింటి కథ ఇదే. ఎర్ర లైటు అందరికీ దేవుడే.

మీ స్పామ్ సంగతి చెప్తాను. మీ సర్వర్ గూగుల్ తలుపు తట్టి "నేను ఫలానా ఫ్యాక్టరీ నుంచి వచ్చాను" అంటుంది. గూగుల్ ఆ ఐపీని పట్టుకుని ఎవరిదా అని వెనక్కి చూస్తే ఏదో బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ అని వస్తుంది. మాట ఒకటి, ఊరు ఒకటి. అనుమానం రాకుండా ఉంటుందా? పీటీఆర్ అంటే ఆ వెనక్కి చూసే చిరునామా. అది మీ చేతిలో ఉండదు, ఐపీ ఇచ్చిన ఇంటర్నెట్ కంపెనీయే పెట్టాలి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమంటారు. పై స్థాయి ఇంజినీరు దొరికేదాకా ఓపికపట్టాలి.

తర్వాత ఎస్‌పీఎఫ్: మా పేరు మీద మెయిల్ పంపే హక్కు ఫలానా సర్వర్లకే ఉందని డొమైన్‌లో రాసిపెట్టే జాబితా. డీకిమ్: ప్రతి మెయిల్ మీదా వేసే ముద్ర, దారిలో ఎవరైనా మారిస్తే ముద్ర చెడుతుంది. డీమార్క్: ఈ రెండూ తప్పితే ఏం చేయాలో అవతలి వాడికి మనం చెప్పే మాట. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వీటి మీద గట్టిగా పట్టుబట్టాయి. తమకు మెయిల్ పంపే ఎవరికైనా పీటీఆర్ సరిగ్గా ఉండాలి, ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలి అంటోంది గూగుల్. రోజుకు ఐదు వేలు దాటి పంపేవాళ్లకు మూడూ కావాలి. అందుకే నిన్నటిదాకా పోయిన మెయిల్ హఠాత్తుగా స్పామ్‌లో పడుతోందని చాలామంది లబోదిబోమంటున్నారు.

ఇక కొత్త ఎక్స్‌ఛేంజ్ సంగతి. ఇప్పుడున్నది సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్, ఈ జులైలో వచ్చింది. పేరులోనే ఉంది కదా, సొంత ఇల్లే అయినా అద్దె కట్టాలి. 2019 ఉన్నవాళ్లు ఉన్నచోటే అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు. మీది 2016 కాబట్టి కుదరదు. కొత్త మెషిన్ కొని, దాని మీద కొత్త విండోస్ వేసి, మెయిల్ బాక్సులు ఒక్కొక్కటే అటు జరపాలి. దానికి మైక్రోసాఫ్ట్ సిఫారసు చేసే ర్యామ్ 128 జీబీ. పదహారు మంది మెయిల్ చూసుకోవడానికి!

---

లాడ్జి_లెక్కలు | నవంబర్ 18, ఉదయం 7.20

మాది తిరుపతిలో లాడ్జి. ఒక్క అనుభవం చెప్పి పోతాను.

2021 నవంబర్ వాన తిరుపతి వాళ్లెవరూ మరిచిపోరు. 18వ తేదీ రాత్రి. రూమ్ బుకింగులన్నీ వచ్చే మెయిల్ సర్వర్ మాకు రిసెప్షన్ కౌంటర్ కింద ఉండేది. ఎలుకలు వైర్లు కొరుకుతాయని నేల మీద పెట్టకుండా రెండు ఇటుకల మీద పెట్టాం. మా తెలివి అక్కడికి ఆగిపోయింది. నీళ్లు మెట్లెక్కి లోపలికి వస్తుంటే ముందు రిజిస్టర్లు, తర్వాత క్యాష్ పెట్టె పైకి చేర్చాం. సర్వర్ గుర్తొచ్చేసరికి ఇటుకలు కనబడటం లేదు. రూమ్ బాయ్, నేనూ దాన్ని దుప్పట్లో చుట్టి చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు మొదటి అంతస్తుకు తీసుకుపోయాం. పవర్ బటన్ దగ్గర నుంచి నీళ్లు కారుతున్నాయి.

మళ్లీ మెయిల్ వచ్చింది తొమ్మిది రోజులకు. అవతలి సర్వర్లు మన సర్వర్ పలక్కపోతే నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నించి, ఆ తర్వాత చేతులెత్తేస్తాయట. మొదటి రోజుల్లో పంపిన వాళ్లందరికీ మెయిల్ తిరిగిపోయింది. డిసెంబర్‌లో ఒక పెద్ద కుటుంబం కేరళ నుంచి దిగి "బుక్ చేశాం కదా" అన్నారు. మా దగ్గర ఏమీ లేదు. ఆ పూట నేను పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఇప్పుడు క్లౌడే. నెలకు కట్టేది పూలదండల ఖర్చు కన్నా తక్కువ.

---

ట్యాలీ_తులసి | 11.05

క్లౌడ్‌కు పోగానే అన్నీ భద్రం అనుకునే వాళ్ల కోసం మా ఆఫీసు కథ.

మేం చాలా ఏళ్లుగా గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఉన్నాం. ఒక సీనియర్ అకౌంటెంట్ మానేశారు. నెలనెలా ఆయన పేరు మీద కట్టడం దండగ అని మేనేజర్ గారు ఆ యూజర్‌ను డిలీట్ చేయించారు. రెండు నెలలకు ఒక సప్లయర్‌తో రేటు గొడవ వచ్చింది. ఒప్పుకున్న రేటు ఆ అకౌంటెంట్ మెయిల్లోనే ఉంది. డిలీట్ చేసిన యూజర్‌ను 20 రోజుల లోపైతేనే వెనక్కి తెచ్చుకోవచ్చట. మేం అరవై రోజులకు వెళ్లాం. సప్లయర్ చెప్పిందే రేటు అయ్యింది.

గూగుల్ తప్పు కాదు. మేం చెరిపాం, వాళ్లు చెరిపారు. కాబట్టి మనిషి మానేస్తే ముందు ఆ మెయిల్ అంతా దింపుకుని, తర్వాతే డిలీట్ నొక్కండి.

ఇంకో మాట. 2022 ఆగస్టులో కంపెనీల అకౌంట్స్ రూల్స్ మారాయి. లెక్కల పుస్తకాలు కంప్యూటర్‌లో ఉంటే రోజూ బ్యాకప్ తీసి దాన్ని భారత్‌లో ఉన్న సర్వర్‌లోనే ఉంచాలి. అది పుస్తకాలకు, మెయిల్‌కు నేరుగా కాదు. కానీ మన వాళ్ల ఇన్వాయిస్‌లు, క్రెడిట్ నోట్‌లు సగం మెయిల్లోనే బతుకుతాయి కదా. క్లౌడ్ వాళ్లను అడిగేటప్పుడు డేటా ఎక్కడ పెడతారని కూడా అడగండి.

---

అలిపిరి_అడ్మిన్ | 11.30

తులసి గారు లక్ష రూపాయల మాట చెప్పారు. క్లౌడ్ బ్యాకప్ కాదు. వాళ్ల డిస్క్ చెడిపోతే వాళ్ల బాధ్యత, మన వేలు జారితే మన బాధ్యత.

---

నల్లరాయి_ఎగుమతి | రాత్రి 10.45

కుప్పం వైపు గ్రానైట్ మాది. ఈ చర్చ రెండు రోజులుగా చదువుతున్నాను. సర్వర్ ఎక్కడుండాలని అందరూ మాట్లాడుతున్నారు. నేను దెబ్బ తిన్నది వేరే చోట.

మాది క్లౌడ్ మెయిల్, పెద్ద పేరున్నదే. ఒక బయ్యర్‌కు స్లాబులు పంపాం. ఇన్వాయిస్ పంపిన రెండో రోజు ఆయనకు మా పేరుతో ఇంకో మెయిల్ వెళ్లింది: మా బ్యాంకులో ఆడిట్ జరుగుతోంది, ఈసారికి ఈ అకౌంట్‌కు వేయండి అని. అదే లెటర్ హెడ్, కింద అదే సంతకం. మా డొమైన్ పేరులో ఒక్క అక్షరం తేడా. "ఎమ్" ఉండాల్సిన చోట "ఆర్", "ఎన్" పక్కపక్కన పెట్టారు. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో చూస్తే రెండూ ఒకేలా కనబడతాయి. ఆయన డబ్బు వేసేశాడు. మాకు రాలేదని ఫోన్ చేస్తే "వేశాను కదా" అన్నాడు. అప్పుడు నా కాళ్లకింద నేల కదిలింది.

తర్వాత తవ్వితే తేలింది ఇది. మా ఎగుమతుల కుర్రాడి పాస్‌వర్డ్ ఏదో నకిలీ లాగిన్ పేజీలో పోయింది. దొంగ ఏమీ పాడుచేయలేదు. మెయిల్ బాక్సులో ఒక ఫార్వర్డ్ రూలు పెట్టాడు: "ఇన్వాయిస్" అన్న మాట ఉన్న ప్రతి మెయిల్ వాడికి ఒక కాపీ పోవాలి. మూడు నెలలు నెమ్మదిగా కూర్చుని మా వ్యాపారం మొత్తం చదువుకున్నాడు. ఎవరు ఎలా పలకరిస్తారో, ఎప్పుడు డబ్బు వస్తుందో అన్నీ.

సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాం, పోర్టల్లో ఫిర్యాదు పెట్టాం. మొదటి గంటల్లో అయితే అకౌంట్‌ను ఆపగలిగేవాళ్లు. మాకు తెలిసేసరికి ఆరు రోజులైంది. డబ్బు ఎటో పోయింది.

ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ మాకు ఉన్నాయి. అవి మా పేరుతో దొంగ మెయిల్ రాకుండా ఆపుతాయి, మా పేరును పోలిన పేరును ఆపవు. ఆ కుర్రాడికి రెండో మెట్టు లాగిన్ (పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌లో వచ్చే కోడ్ కూడా అడిగేది) పెట్టి ఉంటే కథ మొదలయ్యేదే కాదు.

ఇప్పుడు మా ఇన్వాయిస్‌ల అడుగున ఎర్ర అక్షరాలతో ఒక లైను ఉంటుంది: బ్యాంక్ అకౌంట్ మారిందని మెయిల్ వస్తే నమ్మవద్దు, ఫోన్ చేసి నా గొంతు వినండి.

---

పుత్తూరు_పింగ్ | 10.58

నిజం చెప్పాలంటే మీ పోస్టు చదివి ఇప్పుడే మా ఆఫీసు మెయిల్లో రూల్స్ తెరిచి చూశాను. ఏమీ లేవు. అయినా గుండె దడ తగ్గలేదు.

---

అలిపిరి_అడ్మిన్ | 11.20

ఇలాంటివి జరిగితే గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సైబర్ సంఘటన మన దృష్టికి వచ్చిన 6 గంటల్లోగా వాళ్లకు చెప్పాలి. లాగులు, అంటే సర్వర్‌లో ఏం జరిగిందో రాసుకునే చిట్టాలు, 180 రోజులు దాచాలి. సొంత సర్వర్ అయితే ఆ లాగులు దాచేది మీరే. గుమాస్తా గారూ, మీ సర్వర్‌లో లాగులు ఎన్ని రోజులవి ఉన్నాయి?

---

గుజ్జు_గుమాస్తా | నవంబర్ 19, ఉదయం 8.00

సర్, సీ డ్రైవ్ నిండిపోతోందని నెలకోసారి నేనే చెరిపేస్తున్నాను.

---

అలిపిరి_అడ్మిన్ | 8.04

సరే. మీరు క్లౌడ్‌కు పోండి. 😀

నవ్వులాటకు అనడం లేదు. నా వాదన ఇద్దరు మనుషులున్న చోట నిలబడుతుంది. మీ దగ్గర ఉన్నది ఒకరు, ఆ ఒకరూ జూన్‌లో లారీల దగ్గర ఉంటారు.

---

మోడరేటర్ | 9.15

"తక్కువ ధరకే ఈమెయిల్, ఇప్పుడే కాల్ చేయండి" అంటూ పెట్టిన మూడు పోస్టులు తీసేశాం. మీ సరుకు అమ్ముకోవడానికి వేరే విభాగం ఉంది. ఇక్కడ చర్చ సాగనివ్వండి.

---

గుజ్జు_గుమాస్తా | నవంబర్ 21, సాయంత్రం 7.30

క్లౌడే అని నిర్ణయం అయ్యింది. ఓనరు గారిని ఒప్పించింది మీ వాదనలేవీ కాదు, లాడ్జి సార్ దుప్పటి కథ. అది చదివి వినిపించాను. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "కానీలే" అన్నారు.

ఇప్పుడు ఎవరి దగ్గర? అందరికీ ఒకటే ప్లాన్ కొనాలా? వేబ్రిడ్జికి 30 జీబీ ఎందుకు?

---

రేణిగుంట_రౌటర్ | 8.20

అక్కర్లేదు. ఆఫీసంతా ఎక్సెల్, వర్డ్ మీద బతికే వాళ్లయితే మైక్రోసాఫ్ట్ సుఖం. అందులో గేటు లాంటి వాటికి కియోస్క్ అని 2 జీబీ చిన్న ప్లాన్ ఉంటుంది. అందరూ జీమెయిల్‌కు అలవాటుపడి ఉంటే గూగుల్. ఖర్చు చూసుకునే వాళ్లయితే జోహో. దాంట్లో మెయిల్ లైట్ తలకు నెలకు వంద లోపే. పెద్ద బాక్సులు కొందరికి, చిన్నవి కొందరికి కలిపి తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిల్ కూడా జోహో ప్లాట్‌ఫామ్ మీదకే మార్చారు. డేటా సెంటర్లు ముంబై, చెన్నైలో. రేణిగుంటలో వాళ్లకు ఆఫీసు ఉంది కాబట్టి నేను మా ఊరి పక్షం మాట్లాడుతున్నాననుకోకండి, మా ఇంట్లో వాడేది గూగులే.

ఏది తీసుకున్నా ఒక పని ముందు చేయండి. గేటు, ల్యాబ్, స్టోర్స్ లాంటి పేర్లు నిజంగా బాక్సులుగా ఉండాలా, లేక ఒకరి బాక్సుకే ఇంకో పేరుగా పెడితే చాలా అని చూడండి. మీ 42 సగానికి దిగుతాయి.

డొమైన్ లాగిన్ దొరికిందా?

---

గుజ్జు_గుమాస్తా | నవంబర్ 24, ఉదయం 11.50

అసలు బాంబు అక్కడే పేలింది. అకౌంట్స్ వాళ్ల దగ్గర ఉన్నది ఏటా కట్టిన బిల్లులు మాత్రమే. బిల్లు మీద పేరు మాది కాదు. 2014లో మాకు వెబ్‌సైట్ చేసిన డిజైనర్‌ది. డొమైన్ ఆయన సొంత మెయిల్ ఐడీ మీద రిజిస్టర్ అయి ఉంది. ఆ ఫోన్ నంబరు మనుగడలో లేదు. గడువు ఫిబ్రవరి 9న.

పదకొండేళ్లుగా గుజ్జు డబ్బాల మీద ప్రింట్ చేస్తున్న పేరు మాది కాదట!

---

రేణిగుంట_రౌటర్ | 12.10

అందుకే మొదటి రోజే అడిగింది. సర్వర్ మీ గదిలో ఉంటే ఏం, క్లౌడ్‌లో ఉంటే ఏం, ఆ లాగిన్ ఉన్నవాడు ఒక్క ఎమ్ఎక్స్ రికార్డు (మెయిల్ ఏ సర్వర్‌కు పోవాలో డొమైన్‌లో రాసేది) మారిస్తే మీ మెయిల్ మొత్తం వాడి ఇంటికి పోతుంది. మీ ఓనరు గారికి చెప్పండి, ఉత్తరాలు ఇన్నాళ్లూ పరాయోళ్ల ఇంటి తాళంతోనే ఉన్నాయని.

మనిషిని వెతకండి. బెదిరించకండి, పాపం ఆయన మరిచిపోయే ఉంటాడు. దొరికితే లాగిన్ మీ కంపెనీ అకౌంట్‌కు మార్పించుకోండి. కంపెనీ పేరు మీదకు మార్చాక కొన్నాళ్లు వేరే రిజిస్ట్రార్‌కు (డొమైన్ పేర్లు అమ్మే కంపెనీకి) తీసుకుపోవడానికి తాళం పడవచ్చు. పడనీయండి, రికార్డులు మార్చుకోవడానికి అది అడ్డు కాదు. దొరక్కపోతే బిల్లులు, కంపెనీ కాగితాలు పట్టుకుని రిజిస్ట్రార్‌కు రాయాలి. టైము పడుతుంది. ఫిబ్రవరి 9 మాత్రం గోడ మీద రాసిపెట్టుకోండి.

---

ట్యాలీ_తులసి | 12.30

వెబ్‌సైట్ బిల్లు ఎవరి బ్యాంక్ అకౌంట్‌కు వెళ్లిందో పాత లెడ్జర్లలో చూడండి. 2014 వోచర్ వెనక ఆయన ఊరు, అడ్రసు రాసి ఉండొచ్చు. మా కాలంలో అలాగే రాసేవాళ్లం.

---

గుజ్జు_గుమాస్తా | డిసెంబర్ 6, రాత్రి 9.40

తులసి అక్కకు శతకోటి దండాలు. వోచర్ వెనక పెన్సిల్‌తో "పీలేరు, బస్టాండు ఎదురు సందు" అని ఉంది. ఆదివారం బైక్ వేసుకుని పోయాను. ఆయన ఇప్పుడు డిజైనింగ్ మానేసి ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు నడుపుతున్నాడు. ఎవరిదో ఫ్లెక్సీ మెషిన్ మీద సగం దిగి ఉంది, ఆయన చేతులకు నీలం ఇంకు. విషయం చెప్పగానే "అయ్యో, అది ఇంకా నా పేరు మీదనే ఉందా సామీ!" అన్నాడు. పాస్‌వర్డ్ మరిచిపోయాడు, పాత మెయిల్ ఐడీ తెరవడానికి గంటన్నర పట్టింది. రెండు టీలు, ఒక ప్లేటు బజ్జీలు. లాగిన్ మా కంపెనీ పేరు మీదకు వచ్చేసింది. డబ్బు కూడా తీసుకోలేదు.

ఇక మార్పిడి ఎలా?

---

రేణిగుంట_రౌటర్ | డిసెంబర్ 7, ఉదయం 6.50

బజ్జీలకు ముగిసిన డొమైన్ గొడవ నా సర్వీసులో ఇదే మొదటిది.

మార్పిడి హడావుడిగా వద్దు. కొత్త దగ్గర బాక్సులన్నీ ముందే తెరిచి, పాత మెయిళ్లు అటు కాపీ అవడం మొదలుపెట్టండి. అది రోజుల తరబడి నడుస్తుంది, నడవనీయండి. ఎమ్ఎక్స్ రికార్డు టీటీఎల్‌ను (బయటి సర్వర్లు పాత రికార్డును గుర్తుంచుకునే గడువును) రెండు రోజుల ముందే 300 సెకన్లకు దించండి. లేకపోతే మార్చాక కూడా కొందరి మెయిళ్లు పాత గుమ్మానికే వస్తుంటాయి. శనివారం రాత్రి మార్చండి. పాత సర్వర్ మాత్రం ఒక నెల ఆపకండి, బయట నుంచి దానికి తలుపులు మూసేసి లోపల ఉంచండి.

ఓనరు గారి పీఎస్‌టీ ఫైల్ (ఔట్‌లుక్ మెయిళ్లన్నీ దాచే ఫైల్) ఎంత ఉంది?

---

గుజ్జు_గుమాస్తా | 7.15

31 జీబీ. ఆయన ఏదీ డిలీట్ చేయరు. ట్రాష్‌లో కూడా ఫోల్డర్లు పెట్టుకున్నారు.

---

అలిపిరి_అడ్మిన్ | 7.40

ట్రాష్‌లో దాచుకునే వాళ్లు ప్రతి ఆఫీసులో ఒకరుంటారు. చాలా క్లౌడ్‌లలో ట్రాష్‌లో పడ్డ మెయిల్ నెల రోజులకు తనంతట తాను పోతుంది. ముందే బయటకు జరపండి, లేకపోతే ఫిబ్రవరిలో మీ ఉద్యోగం కూడా ట్రాష్‌లో పడుతుంది.

---

గుజ్జు_గుమాస్తా | 2026 జనవరి 5, ఉదయం 10.20

శనివారం రాత్రి పదకొండింటికి ఎమ్ఎక్స్ మార్చాను. జోహోనే తీసుకున్నాం. 42 బాక్సులు 19 అయ్యాయి, మిగతావి ఉత్త పేర్లు. ఎస్‌పీఎఫ్, డీకిమ్ పెట్టాను, డీమార్క్ ప్రస్తుతానికి చూస్తూ ఊరుకునే పద్ధతిలో ఉంది. గల్ఫ్ బయ్యర్‌కు టెస్ట్ మెయిల్ పంపితే ఇన్‌బాక్స్‌లోనే పడింది. ఆయన జవాబులో "ఇదివరకటి రేటేనా?" అని అడిగాడు. టెస్ట్ అని రాసినా వినలేదు.

రెండో మెట్టు లాగిన్ అందరికీ తప్పనిసరి చేశాను. అకౌంట్స్‌లో పెద్దాయన మాత్రం కోపంగా ఉన్నారు, ఫోన్ ఇంట్లో మరిచిపోయి వచ్చిన రోజు నన్ను శాపనార్థాలు పెడుతున్నారు. నల్లరాయి సార్ ఎర్ర అక్షరాల లైను మా ఇన్వాయిస్‌లలోనూ పెట్టాం.

దెబ్బ తగిలింది అనుకోని చోట. ల్యాబ్‌లో స్కానర్ మెయిల్ పంపడం ఆపేసింది. అది పాత సర్వర్‌కు పాస్‌వర్డ్ లేకుండానే పంపేదట, ఇన్నేళ్లూ! కొత్త చోట దానికని విడిగా యాప్ పాస్‌వర్డ్ ఒకటి తయారుచేసి, ఆ బుల్లి స్క్రీన్ మీద బాణం గుర్తులు నొక్కుతూ ఒక్కో అక్షరం ఎక్కించేసరికి మధ్యాహ్నం అయ్యింది. మూడుసార్లు తప్పు కొట్టాను.

---

పుత్తూరు_పింగ్ | 10.31

అన్నా, పాత సర్వర్ అమ్ముతారా? ర్యామ్ నాకు కావాలి.

---

గుజ్జు_గుమాస్తా | 10.45

ఒక నెల ఆగు తమ్ముడూ. ఆ తర్వాత డిస్కులు మాత్రం ఇవ్వం, డ్రిల్లు మెషిన్‌తో బెజ్జాలు వేయమని రౌటర్ అన్న చెప్పాడు. మిగతాది నీదే.

ఈ ఉదయం ఓనరు గారు గదిలోకి వచ్చి పాత సర్వర్ ఉన్న ర్యాకును చూశారు. దాని చుట్టూ ఇప్పటికే ల్యాబ్ వాళ్లు శాంపిల్ డబ్బాలు పేర్చేశారు. "ఇంతకీ మన మెయిలు ఇప్పుడు యాడుండాది?" అని అడిగారు. చెన్నైలో, ముంబైలో ఉంది సార్ అన్నాను. కాసేపు ఆలోచించి "చెన్నై అయితే సరేలే, మన కంటైనర్లు పోయే ఊరే కదా" అని వెళ్లిపోయారు.